సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సెలరా? ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడం ఎలా

మూడేళ్ల కిందట, మార్చి నెలాఖరు. బ్రాంచిలో క్యాష్ టాలీ కాక ఐదొందల నోట్ల కట్ట మూడోసారి లెక్కపెడుతుంటే గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడిపోయాయి, వీపంతా చెమట, ఊపిరి అందట్లేదు, ఇంక అయిపోయింది అనుకున్నాను. పక్క కౌంటర్ కుర్రాడు ఆటోలో తీసుకెళ్తే ఈసీజీ తీశారు, మర్నాడు టూడీ ఎకో, వారం తర్వాత ట్రెడ్‌మిల్, అన్నీ నార్మల్. గుండె డాక్టరు గ్యాస్ అన్నాడు. గ్యాస్ డాక్టరు ఎండోస్కోపీ చేసి "కొద్దిగా ఎసిడిటీ ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఆ టెన్షన్ ఎలా తగ్గుతుందో, దానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. అప్పటికే 22 వేలు వదిలాయి.

ఆ తర్వాత ఏడాదిలో నేను ఒక సైకియాట్రిస్ట్‌నీ ఇద్దరు థెరపిస్టులనీ (మాటలతో వైద్యం చేసేవాళ్లు, సైకాలజిస్టులూ కౌన్సెలర్లూ ఈ మాట కిందికే వస్తారు) చూశాను, ఫోన్లో థెరపీ ఇచ్చే ఒక యాప్‌కి డబ్బు కట్టి మధ్యలో వదిలేశాను. ఇప్పుడు ఆఫీసులోనో చుట్టాల్లోనో ఎవరికైనా ఇలాంటిది వస్తే మెల్లగా పక్కకి పిలిచి నన్నే అడుగుతున్నారు, "మంచి డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పవా" అని. నేను పేరు చెప్పను. నాకు కుదిరిన మనిషి మీకు కుదరాలని లేదు, అసలు మీకు కావాల్సింది అలాంటి మనిషే కాకపోవచ్చు కూడా. బాత్రూమ్ గోడకి చెమ్మ వచ్చిందనుకోండి, పెయింటర్‌ని పిలిస్తే పుట్టీ పెట్టి రంగేసి వెళ్తాడు, ప్లంబర్‌ని పిలిస్తే పైపు చూస్తాడు. ఇద్దరూ మంచి పనివాళ్లే కావచ్చు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కాస్తయినా అంచనా లేకుండా ఎంత మంచి పనివాణ్ణి పిలిచినా మళ్లీ వర్షాకాలానికి గోడ అలాగే ఉంటుంది.

బోర్డు మీద మాటలకి అర్థాలు

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ డీపీఎం గానీ చేసిన డాక్టరు. మందులు రాస్తారు, రక్తపరీక్షలు చేయిస్తారు. ఇది మనసుకి సంబంధించిందా ఒంటికి సంబంధించిందా అన్నది తేల్చడానికి వీళ్లే కావాలి, ఎందుకంటే థైరాయిడ్ మందగించినా బి12 బాగా తగ్గినా మనిషి అచ్చం డిప్రెషన్ వచ్చినట్టే అయిపోతాడు, అలాంటి మనిషికి ఆర్నెల్లు కౌన్సెలింగ్ ఇచ్చినా ఉపయోగం ఉండదు. వీళ్ల దగ్గర లేనిది టైమ్. మొదటిసారి అరగంట, తర్వాత పది పదిహేను నిమిషాలు, బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉంటారు. అది వాళ్ల తప్పని నేననను, మన దగ్గర ఉన్న సైకియాట్రిస్టుల సంఖ్యే అంత.

క్లినికల్ సైకాలజిస్ట్ డాక్టరు కాదు, మందులు రాయకూడదు. పీజీలో సైకాలజీ చదివి, ఆ తర్వాత ఆసుపత్రిలో రోగులతో పని చేస్తూ రెండేళ్ల ఎం.ఫిల్ చేసినవాళ్లు వీళ్లలో ఎక్కువ. పరీక్షలు పెట్టి సమస్య ఏమిటో అంచనా వేస్తారు, వారానికోసారి 45 నిమిషాలో గంటో కూర్చోబెట్టి మాట్లాడతారు, ఇంటికి పని ఇస్తారు. మన దేశంలో ఈ పేరు పెట్టుకుని పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అందరూ ఆర్‌సీఐ అంటారు, పేరు నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం చెప్పే మాట అది.

ఇక కౌన్సెలర్. చిక్కంతా ఇక్కడే. ఈ ఒక్క మాట కింద ఎమ్మెస్సీ సైకాలజీ చేసి పదేళ్లుగా నిజాయితీగా పని చేస్తున్నవాళ్లూ ఉంటారు, మూడు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించినవాళ్లూ ఉంటారు. 2021లో కేంద్రం అనుబంధ వైద్య వృత్తుల కోసం ఒక చట్టం తెచ్చింది, కౌన్సెలర్లని కూడా దాని కిందికి తెచ్చారు గానీ, ఈరోజు మీరు వీధిలో చూసే బోర్డు వెనక ఏ చదువుందో మీరే అడిగి తెలుసుకోవాలి. అలాగని కౌన్సెలర్లందరినీ తీసిపారేయకండి. నాకు చివరికి మేలు చేసింది కౌన్సెలరే.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు అని ఇంకొకరు ఉంటారు, ఎక్కువగా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బే ఉండి, మిగతావాళ్లకి ఎలా మెలగాలో తెలియక నలిగిపోతుంటే వీళ్లు చేసే సాయం ఎవరూ చేయలేరు, కానీ వీళ్ల గురించి ఎవరూ చెప్పరు.

లైఫ్ కోచ్, హిప్నోథెరపీ, సబ్‌కాన్షస్ మైండ్‌ని రెండు రోజుల్లో మార్చేస్తామనే హోటల్ హాల్ వర్క్‌షాపు, ఇవన్నీ వేరే లెక్క. ఉత్సాహం కావాలంటే వెళ్లండి, మీ డబ్బు మీ ఇష్టం. జబ్బుకి మాత్రం వద్దు. మంత్రాలకి చింతకాయలు రాలవు, మైకు పట్టుకుని చెప్పినంత మాత్రాన కూడా రాలవు. గుడికి వెళ్లడం, దర్గాకి వెళ్లడం, చర్చిలో ప్రార్థన చేయించడం, వాటి జోలికి నేను పోను, వాటి వల్ల మనసు కుదుటపడితే మంచిదే, మందు ఆపేయమని అక్కడెవరైనా చెబితే మాత్రం వినకండి.

మీ బాధ ఏ వైపుది

లెక్క మరీ కచ్చితంగా ఉండదు గానీ నేను చెప్పేది ఇది. అక్కడ లేని మనుషుల మాటలు వినిపిస్తుంటే, అందరూ నామీద కుట్ర పన్నుతున్నారని నమ్మితే, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో అప్పులు చేసి కొనేస్తూ ఉంటే, లేదా తిండీ నిద్రా రెండూ పోయి మంచం దిగలేకపోతుంటే, ముందు సైకియాట్రిస్ట్, ఆలోచించే పనే లేదు. పురుడు పోసుకున్న కొత్తలో తల్లి బిడ్డని ముట్టుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంటే "బాలింత కదా, అలాగే ఉంటుంది" అని వదిలేయొద్దు, అదీ ఇక్కడికే. రోజూ తాగేవాణ్ణి ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు అక్కడ సైకియాట్రిస్ట్ ఉన్నాడా, మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, ఇంటివాళ్లని కలవనివ్వం అంటే అక్కణ్ణుంచే వెనక్కి తీసుకొచ్చేయండి.

చనిపోవాలనిపిస్తోందంటే పోలికలూ ఎంపికలూ తర్వాత. 14416 కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, పగలూ రాత్రీ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. లేదంటే ఎవరినైనా వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పోలీసు కేసవుతుందని భయపడి దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే రాసి ఉంది.

నాకొచ్చినట్టు హఠాత్తుగా దడ, లిఫ్ట్ ఎక్కాలంటే భయం, నలుగురిలో మాట్లాడాలంటే వణుకు, గ్యాస్ కట్టేశానో లేదో అని పదిసార్లు వెనక్కి వెళ్లి చూడటం, ఇలాంటివాటికి క్లినికల్ సైకాలజిస్ట్ బాగా పనికొస్తారు. వీటికి సీబీటీ అనే పద్ధతి ఉంది, మన ఆలోచనా మన ఒంటి ప్రతిస్పందనా ఒకదాన్నొకటి ఎలా ఎగదోస్తున్నాయో చూపించి, భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా అలవాటు చేస్తారు. పదిసార్లు వెనక్కి వెళ్లి చూసే ఓసీడీకైతే, వెళ్లి చూడాలనిపించినా చూడకుండా ఆగడాన్ని ప్రాక్టీస్ చేయించే పద్ధతి వేరే ఉంది, దాన్ని ఈఆర్‌పీ అంటారు. ఓసీడీకి వైద్యం చేస్తాం అని చెప్పేవాళ్లు ఆ పేరు వినగానే తెల్లమొహం వేస్తే వేరేవాళ్లని చూసుకోండి.

మొగుడూ పెళ్లాల గొడవలు, అత్తగారితో పడకపోవడం, ఉద్యోగం పోవడం, దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, ఇంటర్ పిల్లాడు కాలేజీ హాస్టల్లో ఉండలేనని ఏడవడం, వీటికి మంచి కౌన్సెలర్ చాలు. అయితే ఒక్కమాట, పిల్లాడి విషయంలో కౌన్సెలర్ "వాణ్ణి మీరే అర్థం చేసుకోవాలి, ఒకసారి మీరిద్దరూ కూడా రండి" అంటే కోపం తెచ్చుకోకండి. రిపేరు చేసి వాడొక్కణ్ణే తిరిగిస్తారనుకుంటే కుదరదు.

మందులా, మాటలా అని పోటీ పెట్టొద్దు. చాలామందికి రెండూ కలిస్తేనే పని. నాకు సైకియాట్రిస్ట్ ఆర్నెల్ల పైన మాత్రలు ఇచ్చారు, ఆ మాత్రలు పనిచేయడానికే రెండు మూడు వారాలు పట్టింది, ఈలోపు ఏమీ తేడా లేదని మానేద్దామనుకున్నాను కూడా. ఇవి అలాగే నెమ్మదిగా పట్టే మందులు, ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. వెంటనే హాయిగా అనిపించే మాత్రలు వేరే ఉంటాయి, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి నెలలకి నెలలు కొనేవాళ్లు కూడా ఉంటారు. అలవాటు పడిపోతారు, జాగ్రత్త. ఆల్ప్రాజోలం అనేది అలాంటిదే, తెలంగాణలో కల్తీ కల్లు పట్టుకున్నప్పుడల్లా పేపర్లో వచ్చే పేరు అదే.

మీరు ఏ భాషలో ఏడుస్తారు

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నా దృష్టిలో మాత్రం డిగ్రీ తర్వాత చూడాల్సింది ఇదే.

నా మొదటి థెరపిస్ట్ హైదరాబాద్‌లోనే ఉంటారు, పెద్ద చదువు, మర్యాదస్తురాలు, తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు వస్తుంది, బ్యాంకులో రోజంతా అదే. ఆరు వారాలు వెళ్లాను. "ఫీలింగ్ లో", "టూ మచ్ స్ట్రెస్", "యాంగ్జైటీ" అని చెప్పేవాణ్ణి, ఆవిడ రాసుకునేవారు, ఊపిరి తీసే వ్యాయామాలు నేర్పారు, అవి పనికొచ్చాయి కూడా. కానీ ప్రతిసారీ నా కథని బ్రాంచి రిపోర్టులా చదివి వినిపిస్తున్నట్టు ఉండేది. ఆవిడ తప్పేమీ లేదు.

రెండో మనిషి మా గోదావరి వైపు యాసలో మాట్లాడే ఒక కౌన్సెలర్, యాభై ఏళ్లుంటాయి. మొదటి రోజు ఎలా ఉందని అడిగితే నోట్లోంచి "ఏమో అండీ, బెంగగా ఉంటోంది" అని వచ్చింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, "బెంగా? ఎవరి మీద?" అన్నారు. చూడండి, స్ట్రెస్‌కి ఈ ప్రశ్న వేయలేం. భయమైతే దేనికి అని అడుగుతాం, కోపమైతే ఎందుకు అని అడుగుతాం, బెంగ మాత్రం ఎవరో ఒకరి మీదే పెట్టుకుంటాం, చిన్నప్పుడు అమ్మ ఊరెళ్తే పెట్టుకున్నట్టు. నేను జవాబు చెప్పలేదు. రెండు నిమిషాల తర్వాత, అప్పటికి రెండేళ్ల కిందట పోయిన మా నాన్న గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన పంచాయతీ ఆఫీసులో బిల్ కలెక్టరుగా చేసేవారు, లెక్కలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి అన్నం తినేవారు కాదు. క్యాష్ టాలీ కానప్పుడు నా గుండె ఎందుకు అలా కొట్టుకుంటుందో నాకు ఆ గదిలో తెలిసింది, అప్పటిదాకా అది మార్చి నెలాఖరు పని ఒత్తిడి అనే అనుకున్నాను.

అందరికీ తెలుగే కావాలని కాదు. మా మరదలు ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, కొన్ని విషయాలు తెలుగులో నోరు తెరిచి చెప్పలేనని, ఆ మాటలు తెలుగులో బూతుల్లా వినిపిస్తాయని అంటుంది. అదీ నిజమే. హైదరాబాద్ పాతబస్తీ స్నేహితుడొకడు ఉర్దూ మాట్లాడే మనిషి దొరికేదాకా తిరిగాడు. మీకు కోపం ఏ భాషలో వస్తుందో, ఫోన్లో మీ అమ్మతో ఏ భాషలో పోట్లాడతారో చూసుకోండి, దాన్ని బట్టి వెతకండి.

ఆడా మగా అన్నది కూడా మొహమాటం లేకుండా ముందే అడగండి. ఆడవాళ్లు ఆడ థెరపిస్ట్ కావాలంటే అందులో వింతేమీ లేదు. ఇంకోటి, మన దగ్గర మాత్రమే ఉండే తలనొప్పి: ఇంటిపేరూ సొంత ఊరూ అడిగి మనం ఏమిట్లమో, అంటే ఏ కులమో, లెక్క కట్టేసే థెరపిస్టులు. కులాంతర పెళ్లి గురించి సలహాకి వెళ్లిన మా కొలీగ్‌ని ఒకాయన "అబ్బాయి ఎవరమ్మా, మనవాళ్లేనా?" అని అడిగాడట. ఆ పిల్ల ఇంకో మాట మాట్లాడకుండా లేచి వచ్చేసింది, ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

కాగితాలు చూడటం

సైకియాట్రిస్ట్ అయితే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీదే ఉండాలి. పేరుకి ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన సైకియాట్రిస్ట్ అనుకోకండి, పీహెచ్‌డీ చేసినా డాక్టరే. హోమియో, ఆయుర్వేదం చదివినవాళ్లూ డాక్టర్లే, వాళ్లు సైకియాట్రిస్టులు కారు.

ఆర్‌సీఐ విషయంలో చాలామంది పప్పులో కాలేసేది ఎక్కడంటే, ఆ కౌన్సిల్ క్లినికల్ సైకాలజిస్టులని మాత్రమే నమోదు చేయదు. మాట రాని పిల్లలకి స్పీచ్ థెరపీ ఇచ్చేవాళ్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, ఇలా చాలా రకాలవాళ్లు దాంట్లో ఉంటారు. అందరూ పనికొచ్చేవాళ్లే, కానీ "ఆర్‌సీఐ రిజిస్టర్డ్" అని బోర్డు చూసి మీ డిప్రెషన్‌కి స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర కూర్చుంటే ఎవరికీ లాభం లేదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, ఏ విభాగం కింద ఉందో చూడటమే ముఖ్యం.

కౌన్సెలర్‌ని మూడు విషయాలు అడగండి: ఏం చదివారు, ఆ చదువులో భాగంగా ఎవరి పర్యవేక్షణలో మనుషుల్ని చూశారు, ఇప్పటికీ కష్టమైన కేసుల గురించి ఎవరితోనైనా చర్చిస్తారా. మూడోదానికి మంచివాళ్లు వెంటనే అవునంటారు. "నాకు ఎవరి సలహా అక్కర్లేదు" అనేవాళ్లతో మీకే పని అక్కర్లేదు. గూగుల్ రేటింగుల గురించి ఏం చెప్పను, నయమైనవాళ్లు తమ పేరుతో రాయరు కదా ఇలాంటిచోట. ఐదు నక్షత్రాలు రెండొందలు ఉంటే నాకైతే అనుమానం ఎక్కువవుతుంది.

డబ్బు, దూరం, ఫోను

నేను వాకబు చేసినంతలో హైదరాబాద్‌లో సైకాలజిస్ట్ దగ్గర ఒక సెషన్‌కి వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా ఉంది, సైకియాట్రిస్ట్ కన్సల్టేషన్ ఐదొందల నుంచి వెయ్యి పైదాకా. విజయవాడ, వరంగల్, కాకినాడ లాంటిచోట కాస్త తక్కువ, దొరికేవాళ్లూ తక్కువే. 1500 చొప్పున పన్నెండు సెషన్లంటే 18 వేలు, నేను గుండె చుట్టూ తిరిగి పోగొట్టుకున్నదానికంటే తక్కువ. ఈ లెక్క ముందే వేసుకోండి, నాలుగు సెషన్లకే డబ్బు అయిపోయి మధ్యలో ఆగిపోవడం కంటే తక్కువ ఫీజు మనిషిని వెతుక్కుని నిలకడగా వెళ్లడం మేలు. ఒకేసారి ఇరవై సెషన్ల ప్యాకేజీ కడితే తగ్గింపు ఇస్తామంటే కట్టకండి, నేను యాప్‌లో అలాగే కట్టాను, మూడోసారికి థెరపిస్ట్ మారిపోయింది, నాలుగోసారికి మళ్లీ నాన్న కథ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది, విసుగొచ్చి వదిలేశాను. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఇన్సూరెన్స్‌లో మానసిక జబ్బులకీ మిగతా జబ్బులతో సమానంగా కవరేజీ ఉండాలని 2017 చట్టం చెబుతుంది, నిజమే, కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం కూర్చుని మాట్లాడే ఫీజుకి రావు. మీ పాలసీలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు, ఉందేమో చూసుకోండి. కంపెనీవాళ్లు ఉచితంగా కొన్ని సెషన్లు ఇస్తుంటే వాడుకోండి, మనం చెప్పింది హెచ్‌ఆర్‌కి వెళ్తుందా లేదా అన్నది మాత్రం ముందే రాతపూర్వకంగా అడిగి.

ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, ఈ రెండు పేర్లనీ మనం తిట్లుగా మార్చేశాం. "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి" అని నేనూ వంద సార్లు నవ్వుతూ అన్నవాణ్ణే. మా పెద్దమ్మ కొడుక్కి జబ్బు ముదిరినప్పుడు ప్రైవేటులో రెండు లక్షలు పోశాక చివరికి అక్కడికే తీసుకెళ్లాం. క్యూ ఉంటుంది, కుర్చీలు చాలవు, ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్లాలి, డాక్టర్లు తొందరలో ఉంటారు. కానీ ఇలాంటి కేసులు రోజూ పదుల్లో చూసే కళ్లు వాళ్లవి, మందులకి మాకు దాదాపు ఖర్చే కాలేదు. వారం వారం గంటసేపు మాట్లాడటానికి అది చోటు కాదు, పెద్ద జబ్బుకి అంతకంటే నమ్మకమైన చోటు నేను చూడలేదు. జిల్లా ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది, వెళ్లే ముందు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి.

ఆన్‌లైనా, నేరుగానా? చిన్న ఊళ్లో ఉంటే ఆన్‌లైనే నయం, ఎందుకంటే వెయిటింగ్ హాల్లో కూర్చోగానే ఎదురుగా మీ మేనత్త ఆడపడుచు కనిపిస్తుంది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చిక్కు ఇంట్లో ఏకాంతం లేకపోవడం. నేను అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారులో కూర్చుని మాట్లాడేవాణ్ణి. పైన సిగ్నల్ బాగానే ఉండేది, కింద ఒక గీత వచ్చేది పోయేది, ఏడుపు మధ్యలో బొమ్మ ఆగిపోతే ఆయన "హలో, వినిపిస్తోందా" అనేవారు. వాచ్‌మన్ రెండు వారాలు చూసి మా ఆవిడతో "సార్ ప్రతి గురువారం కారులో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నారమ్మా" అని చెప్పాడు. ఆవిడకి ముందే తెలుసు కాబట్టి బతికిపోయాను! చిన్నపిల్లలకీ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకీ ఆన్‌లైన్ సరిపోదు. మొదటి ఒకట్రెండు సార్లు నేరుగా వెళ్లి, మనిషి అలవాటయ్యాక ఫోన్లోకి మారడం అన్నిటికంటే బాగుంటుంది.

అమెరికాలో ఉండి హైదరాబాద్ థెరపిస్ట్‌తో తెలుగులో మాట్లాడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది, మీరున్న రాష్ట్రంలో లైసెన్సు లేనివాళ్లు మామూలుగా మిమ్మల్ని చూడకూడదు, రేపు పరిస్థితి చెయ్యి దాటితే ఇక్కడి మనిషి అక్కడ ఏమీ చేయలేరు. మీ రాష్ట్రంలో లైసెన్సున్న తెలుగువాళ్లు ఉన్నారేమో ముందు వెతకండి. చనిపోవాలనిపించడం లాంటి అత్యవసరానికి అక్కడ ఫోన్ చేయాల్సిన నంబరు 988.

మొదటి మూడు వారాలు

మొదటి రోజు మనసు తేలికపడకపోయినా కంగారుపడకండి, నాకు రెండు రోజులు తలనొప్పి వచ్చింది. మూడు సార్లు చూడండి. ఈ మూడింటిలో ఆ మనిషి మీ సమస్యని మీకు అర్థమయ్యే మాటల్లో తిరిగి చెప్పగలగాలి, దేనికోసం పని చేస్తున్నామో ఇద్దరూ అనుకుని ఉండాలి, పోయినసారి మీరు చెప్పింది గుర్తుండాలి. ఏ పద్ధతి అన్నదానికంటే ఆ మనిషితో మీకు పొత్తు కుదిరిందా లేదా అన్నది ఫలితాన్ని చాలా నిర్ణయిస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. పొత్తు అంటే స్నేహం కాదు. మా కౌన్సెలర్ నన్ను ఒకరోజు "మీరు నాక్కూడా లెక్క అప్పజెబుతున్నారు" అన్నారు, ఆ రాత్రంతా కోపంగా ఉంది, కానీ మళ్లీ వెళ్లాను. నొచ్చుకున్నాను అని ఎదురుగా చెప్పినప్పుడు ఎలా తీసుకుంటారో చూడండి, మనిషి అక్కడ తెలిసిపోతాడు.

వెంటనే లేచి రావాల్సినవి కొన్నున్నాయి. "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అనడం. మీ గంటలో తన కథ చెప్పడం. పది సెషన్లలో పూర్తిగా నయం చేస్తానని గ్యారంటీ ఇవ్వడం. సైకియాట్రిస్ట్ ఇచ్చిన మందు ఆపేయమనడం. అబ్బాయికి అబ్బాయి మీద ఇష్టం ఉంటే దాన్ని మారుస్తాననడం. బయట కలుద్దామనడం, అర్ధరాత్రి వాట్సాప్ మెసేజీలు పెట్టడం, ముట్టుకోవడం, వీటికి మళ్లీ వెళ్లి అడిగే పని కూడా లేదు, ఫిర్యాదు చేయండి.

మీరు చెప్పింది బయటికి పోకుండా చూసుకోవాలని చట్టమే చెబుతోంది. మీ ప్రాణానికో వేరేవాళ్ల ప్రాణానికో ముప్పు ఉంటే, పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు, మంచి థెరపిస్ట్ ఈ మినహాయింపుల్ని మొదటి రోజే చెబుతారు. ఇరవై నాలుగేళ్ల అబ్బాయిని తీసుకొచ్చి, ఫీజు నేను కడుతున్నా కాబట్టి వాడేం చెప్పాడో నాకు చెప్పాలి అనే తండ్రులు చాలామంది. అప్పుడు "అది మీ అబ్బాయినే అడగండి" అనే మనిషి దొరికితే వదులుకోకండి.

ఇక ఫోన్ చేయడం. నేను నంబరు దగ్గర పెట్టుకుని పదకొండు రోజులు చేయలేదు, హలో అన్నాక ఏమనాలో తెలియక. మీకూ అలాగే ఉంటే ఇది చూసి చదివేయండి: "నమస్తే అండీ, నాకు రెండు నెలలుగా ఇలా ఉంటోంది, నిద్ర పట్టట్లేదు, ఉద్యోగానికి వెళ్లాలంటే భయమేస్తోంది. ఇలాంటివాళ్లని మీరు చూస్తారా? తెలుగులో మాట్లాడొచ్చా? ఫీజు ఎంత, ఎంతసేపు? రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి?" ఇంతే, ఒక నిమిషం పని. అవతల ఫోనెత్తింది రిసెప్షనిస్ట్ అయితే బాధంతా చెప్పకండి, ఒక్క అపాయింట్‌మెంట్ తీసుకుని పెట్టేయండి.